చెయ్యెత్తనివాళ్లకి రొట్టె లేదు

ఆదివారం రాత్రి, బందరు

ఈ రోజు చర్చిలో నెలనెలా రొట్టె పంచే ప్రభువు బల్ల. పాస్టరుగారు ఎన్నికల అభ్యర్థికి వేదిక మీద శాలువా కప్పి, "ఈయనకే ఓటేస్తామని చెయ్యెత్తినవాళ్లే రొట్టె తీసుకోండి" అన్నారు. నేను ఎత్తలేదు. పొద్దున నేనే కాల్చి ఇచ్చిన రొట్టె నన్ను దాటుకుని పోయింది.

"ఒక్కసారి ఎత్తితే ఏం పోయేది అత్తయ్యా?" అని కోడలు దారంతా సణిగింది.

"నీకేం పోలేదులే, తిన్నావుగా" అన్నాను.

వచ్చే నెల రొట్టె కాల్చకూడదని, పాస్టరుగారు ఖాళీ పళ్లెంతో సంఘం ముందు నిలబడాలని సాయంత్రమంతా అనుకున్నాను. కానీ నాలాగే చెయ్యెత్తని మరియమ్మ ఏడుస్తూ ఇంటికెళ్లింది. నేనూ రొట్టె ఆపితే ఆమెకి రెండుసార్లు ఆపినట్టు.

కాలుస్తాను. పళ్లెం మాత్రం ఆయన చేతికివ్వను. ముందు మరియమ్మకి నేనే పెడతాను. చివర ఆయన వచ్చి, అందరూ చూస్తుండగా నా ముందు చెయ్యి చాపాలి.

అప్పుడు పెట్టాలో లేదో ఇంకా తేల్చుకోలేదు.