పటంలో బర్నబా దావ

ఆదివారం, రాత్రి.

ఈ పొద్దు యోసేపును సమాధి తోటలో మన్ను చేసినారు. నేను పోలేదు.

ఏటా శెనక్కాయ పీకినాక మేమిద్దరం ఒకే సైకిల్ మీద బెళుగుప్ప చుట్టు ఊర్లు తిరిగి సువార్త చెప్పినోళ్లం. ఒకేడు మా ఎంట వచ్చిన యోసేపు వాళ్లక్క కొడుకు సగం దావలో ఇడిసిపెట్టి ఇంటికి పరిగెత్తినాడు. మరుసటేడు వాన్నే మళ్లా తీసుకపోదామన్నాడు యోసేపు. నేను వద్దంటే వద్దంటి. ఆ దినం నుంచి మాటల్లేవు. బైబిల్లో పౌలూ బర్నబా ఇట్లే, సగం దావలో ఎనక్కి పోయిన మార్కు కోసం విడిపోలేదా, పౌలుదే న్యాయమని అందరికీ చెప్పుకుంటి.

సాయంత్రం మనమరాలు బైబిలు ఎనక పటం తీసి చూపించింది.

"పౌలు పోయిన దావ ఇది తాతా."

"బర్నబా యాడికి పోయినాడో చూడు పాపా."

"ఆయప్పకు గీతే గీయలేదు. వాళ్లు మళ్లా కలిసినారా తాతా?"

రాసిలేదంటి.

యోసేపు ఇల్లు మా ఇంటికి మూడిండ్ల అవతల ఉండాది. తొమ్మిదేండ్లు సుట్టు తిరిగి పోయినా గానీ ఆ వాకిలి ముందర నడవలేదు.