అయిదో చోట కూర్చున్నాయన

ఏవండీ,

రెండు రోజులుగా ముసురు. నిన్న తెల్లారగానే చేలో నిలిచిన నీళ్ళు బయటికి తీయించాను. మీరు పోయి ఏడాది అయిందని పదకొండింటికి ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నాం.

బాపట్ల నుంచి మీ చెల్లెలు సుగుణ వస్తూ తెనాలి బోధకుడొకాయన్ని వెంటబెట్టుకొచ్చింది. యేసు గొప్పవాడే గాని దేవుడు కాడనీ, ఆయనకు ప్రార్థన చేయడం తప్పనీ ఈయన బోధ. రేపల్లె ఆసుపత్రిలో మీరు చివరిగా పిలిచింది యేసయ్యనే. ఈయన బోధ విని, ఆ పిలుపు ఎవరికీ చేరలేదేమోనని సుగుణ నెల రోజులుగా ఫోన్లో ఏడుస్తోంది.

మనిషి మెత్తగా మాట్లాడుతున్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. కూటంలో వరసగా తలా ఒక వచనం చదవడం మీరు పెట్టిన అలవాటే గదా. బైబిల్లో శిష్యుడు తోమా సంగతి తీసి, లెక్క చూసుకుని బోధకుణ్ణి అయిదో చోట కూర్చోబెట్టాను. తిరిగి లేచిన యేసు గాయాలు చూసి తోమా ఆయన్ని నా దేవుడని పిలిచే వచనం ఆయన వంతుకొచ్చింది.

చదివాడు. “అది ఆశ్చర్యంతో అనేసిన మాటమ్మా,” అన్నాడు.

మీరు ఆదివారం బడిలో పిల్లల్ని అడిగే ప్రశ్నే అడిగాను. “ఒకాయన తన కాళ్ళ మీద పడితే, లే, నేనూ మనిషినేనని శిష్యుడు పేతురు ఆపాడు గదండీ. మరి యేసయ్య తోమాను ఆపలేదేంటి?”

“అదంతా చెప్పాలంటే చాలా టైం పడుతుందమ్మా.”

“చెప్పండి. అన్నం ఇంకా ఉడకలేదు,” అంది సుగుణ.

ఆయన వాచీ చూసుకున్నాడు.

భోజనం చేయకుండానే ఒంటిగంట బస్సుకు తెనాలి వెళ్ళిపోయాడు. సుగుణ రాత్రికి ఉండి, ఈ ఉదయం యేసయ్యకు ప్రార్థన చేసుకుని ఆరింటికి బాపట్ల వెళ్ళింది.