పిలిచాక పిలుపు చించితే

జూన్ 4, ఆదివారం

పాటల పుస్తకాల బొత్తిలో ఈరోజు ఒక పుస్తకం దొరికింది. పాటల పుస్తకం కాదు. అట్ట మీద రెండు కోరలు, వాటి నుంచి కారుతున్న నెత్తురు. పేరు ‘నెత్తుటి గడప: ఆట నియమాలు’. నా ప్రార్థన కూడికలో! పదిహేడేళ్లుగా నేనే ఊడ్చి, నేనే సున్నం వేసుకుని, నేనే బల్లలు సర్దుకుని వాక్యం చెప్పుకుంటున్న గదిలో రక్తం తాగే పిశాచాల పుస్తకం!

ఎవరిదిది అని అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే ఒక్కరు భుజాలు తడుముకుంటారనుకుంటే ఆరుగురు తడుముకున్నారు. ఉన్నదే పందొమ్మిది మంది. చివరికి ఆసుపత్రి నర్సమ్మ లేచింది. నాదే అయ్యగారూ, నిన్న ఆట నుంచి తిన్నగా ఇక్కడికొచ్చి బల్లలు తుడిచాను, అప్పుడు కలిసిపోయినట్టుంది, ఇలా ఇచ్చేయండి అంది. ఇచ్చేయండట. గొడుగు మరిచిపోయినదానిలా.

ఇవ్వలేదు. వచ్చే ఆదివారం ప్రసంగం దీని మీదే అని ప్రకటించి ప్రార్థన ముగించాను. ఉతికి ఆరేస్తాను.

అదే రోజు, సాయంత్రం 5

మా ఆవిడకు ఇదంతా ముందే తెలుసట. స్టేషనరీ షాపు వెనక గదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఆడతారట. ఎవరి పిశాచాలు వాళ్లు కార్డుల్లో పెట్టుకుని ఎదుటివాడి ఇంటి మీదికి పంపడమే ఆట. ఏ కార్డుకు ఏ కార్డు కలిస్తే ఏమవుతుందో ఎవరికీ తేలదట, అందుకని తగువు తీర్చడానికి ఒక జడ్జి ఉంటాడట. ఆ జడ్జి ఎవరో కూడా చెప్పమంటారా అంది, పప్పు గిన్నె కడుగుతూ.

చెప్పింది. మీ తమ్ముడే అంది.

ఆరేళ్లుగా వాడి ఊసు ఈ ఇంట్లో లేదు. నేను ఎత్తను, ఎత్తనివ్వను. ఆమె మాత్రం వాడు ఎక్కడున్నదీ ఏం తింటున్నదీ అన్నీ తెలుసుకుంటూనే ఉంది. మరిది అన్నం తిన్నాడో లేదో కనుక్కోవడం కూడా పాపమేనా ఏమండీ అంది. కంచం ముందు నుంచి లేచిపోయాను.

జూన్ 5, సోమవారం

శత్రువుతో యుద్ధానికి వెళ్లేవాడు శత్రువు కత్తి పొడవు ఎంతో చూసుకోవాలి. నా రిపేరు షాపులో ఒక పక్క మోటార్ వైండింగ్, ఒక పక్క పిశాచాల రూల్‌బుక్. తీగ చుట్లు లెక్కపెడుతూ చదువుతుంటే నూట నలభై దగ్గర లెక్క తప్పింది. తీగంతా విప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాను. దీనికి కూడా ఆ తమ్ముడే కారణం.

జూన్ 6, మంగళవారం

పేజీ 14 దాకా అయింది. పాపిష్టి పుస్తకం. కానీ ఎక్కడా ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు.

జూన్ 7, బుధవారం

నర్సమ్మ టేబుల్ ఫ్యాన్ పట్టుకుని షాపుకి వచ్చింది. ఫ్యాన్‌కి ఏ రోగమూ లేదు, ప్లగ్ వైరు ఊడదీసి తెచ్చింది. పుస్తకం కోసం వచ్చిందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు.

నిలదీశాను. పిశాచాలతో నీకేం పని అన్నాను. రోజూ వార్డులో నెత్తురు చూసేదాన్ని, కాగితం మీద నెత్తురికి జడుస్తానా అయ్యగారూ అంది. పోనీ అక్కడేముందని వెళ్తున్నావు అన్నాను. ఆమె వైరు చివర వేలికి చుట్టుకుంటూ, అక్కడ ఏది ఒప్పో ఏది తప్పో అడిగితే పుస్తకం తీసి చూపిస్తారు, గొంతు పెంచరు అంది.

గొంతు పెంచాను. అటు నుంచి టీ కొట్టువాడు తొంగి చూశాడు.

అయినా ఆమె కదల్లేదు. మీరు ఎలాగూ చదువుతున్నారు కాబట్టి ఒక్క సంగతి తేల్చి చెప్పండి అని మొదలెట్టింది. ఆ ఆటలో పిశాచం పిలవనిదే ఎదుటివాడి గడప దాటకూడదు. ‘పిలుపు’ అని ఒక కార్డు ఉంటుంది. అది ఒక ఇంటి మీద ఉన్నంతవరకు పిశాచాలు ఆ ఇంట్లోకి రావచ్చు. ‘మూసిన తలుపు’ అని ఇంకో కార్డు. దాన్ని వేస్తే ఆ పిలుపు చిరిగిపోతుంది. పోయిన శనివారం ఫైనల్లో ఒకాయన పిశాచం పిలుపు మీద గడప దాటి లోపలికి వెళ్లాక, అవతలివాడు మూసిన తలుపు వేశాడట. లోపల ఉన్న పిశాచం ఉండాలా, పోవాలా?

పోవాలన్నాడట జడ్జి. పిలుపే లేకపోతే లోపల ఉండే హక్కు ఎక్కడిది అన్నాడట. దాంతో ఆయన ఓడిపోయాడట. ఏడాదంతా గెలుచుకుంటూ వచ్చినవాడు ఒక్క మాటతో ఓడిపోయాడట. కార్డులు సర్దుకుని వెళ్లిపోయాడట.

ఎవరా ఆయన అన్నాను. మన వడ్రంగే అయ్యగారూ అంది. మనవాడా? ఆరేళ్ల కిందట కూడికకు రావడం మానేసిన వడ్రంగి.

ఫ్యాన్ బిగించి ఇచ్చాను. పుస్తకం ఇవ్వలేదు.

జూన్ 8, గురువారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను. ఎవరూ చదవరు కదా.

ఆరేళ్ల కిందట వడ్రంగి భార్యకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆ ఆదివారం నేను గ్రంథంలోంచి ఒక వచనం తీసి ఉరిమాను. విత్తినదే కోస్తారు, దాచిన పాపమే నొప్పిగా బయటపడుతుంది, ఇది దేవుడి నోటి మాట అని. వడ్రంగి రెండో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు మా తమ్ముడు లేచాడు. కూడిక అందరి ముందు. అన్నా, ఆ మాట అన్నది దేవుడు కాదు, ఆ గ్రంథంలో రోగి పక్కన కూర్చుని పుండు మీద కారం చల్లిన స్నేహితుడు, చివర్లో దేవుడు ఆ స్నేహితుణ్ణే చీవాట్లు పెట్టాడు, పేజీలు ముందుకి తిప్పు అన్నాడు.

వేలు చూపించి, నా గడప మళ్లీ తొక్కకు అన్నాను. వాడు వెళ్లాడు. వాడి వెనక వడ్రంగి వెళ్లాడు.

ఆ సాయంత్రం పేజీలు తిప్పాను. వాడు చెప్పిందే నిజం. నాకు కావలసిన ముక్క దొరికింది కాబట్టి అక్కడితో ఆపేశాను, ఎవరు ఎవరితో అంటున్నారో చూడలేదు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాణ్ణి కాదు, మోటార్ల మధ్య కూర్చుని నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. అలాంటివాడు నలుగురిలో ఒక్కసారి తప్పని ఒప్పుకుంటే ఇంకెవరు వింటారు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆరేళ్లు.

కానీ వాడు? వాడెప్పుడూ తప్పు చేయనట్టు! వాడి నోట ‘నాది తప్పు’ అన్న మాట ఒక్కసారి వినాలి. నలుగురిలో వినాలి. నాకు ఇంకేమీ వద్దు.

జూన్ 9, శుక్రవారం, మధ్యాహ్నం 2

దొరికాడు!

పేజీ 23. కింది నుంచి నాలుగో వరుస. పిలుపు ఉందా లేదా అన్నది గడప దాటే క్షణంలోనే చూడాలి. అంతే. దాటాక చూడమని ఎక్కడా లేదు. జడ్జిగారు తప్పు తీర్పు ఇచ్చారు. వడ్రంగికి అన్యాయం చేసింది నేనొక్కణ్ణే కాదు.

పుస్తకం మూసేశాను. ఇంక చదవక్కర్లేదు.

జూన్ 10, శనివారం, సాయంత్రం 6

వెళ్లాను.

వెనక గదిలో కాగితం రీముల అట్టపెట్టెలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. మూడు బల్లలు, పదిమంది. అందరూ నా కూడికలో కంటే బుద్ధిగా కూర్చున్నారు. మా తమ్ముడు మధ్యలో. తల సగం నెరిసిపోయింది, వెధవకి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రా అన్నా, కూర్చో అన్నాడు. కూర్చోలేదు. రూల్‌బుక్ బల్ల మీద విసిరికొట్టాను. ఎవరివో నాలుగు కార్డులు ఎగిరిపడ్డాయి.

వడ్రంగి మూల స్టూలు మీద ఉన్నాడు. నా వైపు చూడలేదు.

పేజీ 23 తీయమన్నాను. చదవమన్నాను. నర్సమ్మ చదివింది. తమ్ముడు విని, మరి పిలుపు కార్డు మీద ‘ఉన్నంతవరకే’ అని రాసుంది కదన్నా అన్నాడు. అది లోపలికి రావడానికిరా, ఉండడానికి కాదు అన్నాను. ఒక మాట అర్థం కాకపోతే ఇంకో మాటతో కలిపి చదవాలి, నీకు నేర్పింది నేనే కదరా అన్నాను. ‘పొద్దుపొడుపు’ కార్డు తీయమన్నాను. దాని మీద ఏముంది? లోపల ఉన్నవాళ్లంతా బయటికి పోవాలని ఉంది. మనిషిని బయటికి పంపాలనుకున్నప్పుడు ఆ మాట విడిగా, స్పష్టంగా రాస్తారు. మూసిన తలుపు కార్డు మీద ఉందా ఆ మాట? లేదు! అది కొత్తవాళ్లని ఆపుతుంది. వచ్చినవాళ్లని గెంటదు!

ఇక ఊపు వచ్చేసింది. ఆదివారానికి దాచుకున్న గొంతంతా అక్కడే ఖర్చుపెట్టాను. పిలిచి లోపలికి తెచ్చుకున్నవాణ్ణి, తర్వాత నీకు కోపమొచ్చి పిలుపు చించేసినంత మాత్రాన వాడు బయటివాడైపోతాడా? ఇదేం న్యాయంరా, ఎవడిచ్చాడు నీకా హక్కు అని బల్ల గుద్దాను.

పైన ఫ్యాన్ గరగరమంటూ తిరుగుతోంది. దాని బేరింగ్ పోయింది, అది కూడా నాకు వినిపించింది.

తమ్ముడు నన్నే చూస్తున్నాడు. నవ్వలేదు. నేను ఏమన్నానో నాకప్పుడు వినిపించింది.

వాడు వడ్రంగి వైపు తిరిగాడు. మావా, మా అన్న చెప్పిందే సరి, నాది తప్పు, నీకు అన్యాయం చేశాను అన్నాడు. వచ్చే శనివారం ఆ ఎత్తు దగ్గర నుంచే మళ్లీ ఆడదాం అన్నాడు. ఒక చీటీ మీద కొత్త తీర్పు రాసి, కింద ‘ముందు చెప్పింది తప్పు’ అని కూడా రాసి, గోడకు గుచ్చాడు. అంతే. కూర్చుని, నెక్స్ట్ అన్నాడు.

ఆరేళ్లు కాచుకున్న మాట. ఇంత తేలిగ్గానా! వాడి ముఖం మాడలేదు. గొంతు వణకలేదు. ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఒక ముసలాయన, అదీ జడ్జి అంటే అన్నాడు పైగా. ఒళ్లంతా భగ్గుమంది. గెలిచినవాణ్ణి నేను. చెంపదెబ్బ తిన్నవాణ్ణీ నేనే.

రూల్‌బుక్ లాక్కుని బయటికి వస్తుంటే వడ్రంగి నోరు విప్పాడు. ఈ పుస్తకం మాత్రం చివరిదాకా చదివారా అయ్యగారూ అన్నాడు.

జూన్ 11, ఆదివారం

ప్రసంగం చేయలేదు. గొంతు బాగాలేదని చెప్పాను. గొంతు బాగానే ఉంది.

జూన్ 13, మంగళవారం

రెండు రోజులుగా ఎవరి మీద అరవాలో తెలియక అందరి మీదా అరుస్తున్నాను. మోటారు తెచ్చినవాడి మీద, కరెంటు మీద, ఉప్పు మీద. మా ఆవిడ చివరికి చీపురు కింద పడేసింది. తీగ చుట్టేటప్పుడు లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్లీ చుడతారు, ఎవరూ చూడకపోయినా సరే, కాలిపోతుందని మీకు తెలుసు కాబట్టి, మరి దీన్ని ఆరేళ్లుగా కాలనిస్తున్నారేం అంది.

ఆమెకు తెలుసు. నేను ఆ సాయంత్రం పేజీలు తిప్పడం ఆమె చూసింది. ఆరేళ్లూ ఒక్క మాట అనలేదు. ఆమె మీద కూడా అరిచాను. అరుపు సగంలో ఆగిపోయింది.

జూన్ 15, గురువారం

వడ్రంగి షెడ్డుకి వెళ్లాను. తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు. నేను చెప్పాను. ఆ మాట దేవుడిది కాదు, నేను పేజీ తిప్పలేదు, నీ ఇంటిదానికి రోగం పాపం వల్ల రాలేదు, నాది తప్పు అన్నాను. పొట్టు చుట్టలు చుట్టలుగా నా కాళ్ల మీద పడుతోంది. చిత్రిక చప్పుడులో వినిపించిందో లేదోనని మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది.

చిత్రిక ఆగింది. పేజీ తిప్పడానికి ఆరేళ్లు పట్టిందా అన్నాడు. తిప్పింది ఆ రోజే అన్నాను.

దానికి వాడు ముఖం ఎత్తాడు. అది విన్నాక కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలి గదిలో మంచం మీద నుంచి ఆమె గొంతు వచ్చింది, మాట ముద్దగా. ఆ చెప్పిందేదో ఆ ఆదివారం చెప్పిన చోటే చెప్పమను అంది. అన్నీ వింది.

మళ్లీ చిత్రిక మొదలెట్టాడు. కూర్చోమనలేదు. మనసులో వాడి మీద కూడా కోపం వచ్చింది. దేవుడా, ఈ కోపాన్ని ఏం చేసుకోను.

జూన్ 17, శనివారం

వడ్రంగి ఫైనల్ గెలిచాడట. నర్సమ్మ చెప్పింది. రూల్‌బుక్ తిరిగి ఇచ్చేశాను. తమ్ముడికి కబురు చేయమన్నాను. ఏమని అంది. రేపు కూడిక పదింటికని చెప్పు, అంతే అన్నాను.

జూన్ 18, ఆదివారం

ఆ ఆదివారం చెప్పిన చోటే నిలబడి చెప్పాను. నాది తప్పు అని. తిప్పిన పేజీ సంగతి కూడా. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పదిహేడు మంది మిగిలారు.

తమ్ముడు వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రాడు. అందరూ తలలు తిప్పి చూస్తున్నారు, ప్రార్థన ఆగిపోయింది. ఏంట్రా అన్నాను. పేజీ 24 అన్నాడు. నర్సమ్మ సంచిలోంచి పుస్తకం తీసి నా ముందు పెట్టింది. మొదటి వరుస: బయటికి వెళ్లినవాడు మళ్లీ రావాలంటే కొత్త పిలుపు వేయాలి.

పిలిచాను.

చెప్పులు వాకిట్లో అడ్డంగా విప్పాడు. ఎన్నిసార్లు చెప్పాలి వీడికి.