లోయ వీధికి చెప్పని మాట

శనివారం, పొద్దున

చిరంజీవి చెల్లాయికి,

అక్క ప్రేమతో రాసేది. ఇక్కడ అమ్మ బాగుంది, నేనూ తిరుగుతున్నాను. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోయి కలం ఆపేశాను. రేకుల షెడ్డులో, ఎవరివో దుప్పట్ల మీద పిల్లని పడుకోబెట్టుకుంటున్న మనిషిని క్షేమమా అని ఏ నోటితో అడగను?

మరిది గారు లారీ డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకే వచ్చారని విన్నాను. అమ్మ రోజూ నీ మాటే. వెళ్ళొస్తానక్కా అని కూడా అనకుండా, టీ గ్లాసు అలాగే వదిలేసి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయావని బాధ. ఇల్లు పోయిన దిగులమ్మా, మనమే అర్థం చేసుకోవాలి అని నేను సర్దిచెబుతున్నాను. నా ఫోన్లు నువ్వు ఎత్తకపోవడానికీ అదే కారణమని నాకు నేను చెప్పుకుంటున్నాను.

నేల ఎందుకు నోరు తెరిచిందని పాప అమ్మమ్మని అడిగిందట. పెద్దమ్మ ఉద్యోగమే అది కదా, రాసి పంపమను అందట. ముందు అది రాస్తాను. రాయాల్సిన అసలు సంగతికి దారి కూడా అదే.

పాపకి ఇలా చెప్పు. మన కాళ్ళ కింద నేల ఒకటే ముక్క కాదు. ఇక్కడ రెండు పెద్ద పలకలు ఒకదానికొకటి ఎడంగా జరుగుతున్నాయి, మన గోళ్ళు పెరిగేంత నిదానంగా. తడిపిన పిండిముద్దని రెండు చేతులా లాగితే మధ్యలో పల్చబడి కుంగుతుంది చూడు, అలాగే మధ్య నేల లక్షల ఏళ్ళుగా కిందికి దిగుతూ వచ్చింది. దిగిన చోటు మీ లోయ. దిగకుండా అంచున నిలిచిపోయినవి మా పై ఊరి కొండగోడలు. నేల పల్చబడ్డ చోట అడుగునున్న వేడి పైకి దగ్గరవుతుంది. అందుకే మీ బోరులో నీళ్ళు కాచకుండానే పొగలు కక్కుతాయి, నీ లాండ్రీలో ఏనాడూ పొయ్యి వెలిగించక్కర్లేకపోయింది. పాత అగ్నిపర్వతాల బూడిద పేరుకుని ఉంది కాబట్టి ఏ విత్తు విసిరినా మొలుస్తుంది. మనుషులు లోయలోకి దిగింది ఆ మట్టి కోసమే. ఆ నీళ్ళు తాగే పిల్లల పళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, పాప నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, అదీ ఆ నేల పనే.

ఆ బూడిద అడుగున పాత పగుళ్ళు దాగి ఉంటాయి. వాన ఆగకుండా పడితే నీళ్ళు బూడిదని ఆ పగుళ్ళలోకి ఈడ్చుకుపోతాయి. లోపల డొల్ల, పైన పెంకు. ఆ పెంకు మీద వీధులు, ఇళ్ళు, కొట్లు. మీ వీధి వెనక పగుళ్ళకి అటూ ఇటూ కడ్డీలు పాతి, ఎడం ఎంత పెరిగిందో కొలవడమే నా పని.

కిందటేడు వానల్లో ఎడం పెరిగిందని వీధంతా ఖాళీ చేయించాం, గుర్తుందిగా. వారం రోజులు బడిలో నేల మీద పడుకున్నారు. ఏమీ జరగలేదు. అప్పటినుంచి నేను ఆ వీధిలోకి వస్తే పగుళ్ళమ్మ వస్తోంది, మంచాలు సర్దుకోండి అని నవ్వేవాళ్ళు. నువ్వూ నవ్వావు, నేనూ నవ్వాను.

ఇప్పుడు, నేల చీలిన ఆ గురువారం సంగతి.

పొద్దున్నే వానలో కడ్డీల దగ్గరికి వెళ్ళాను. ముందురోజు వేలు దూరని నెర్రెలో నా పిడికిలి దూరింది. పరుగున ఆఫీసుకి వచ్చి పై అధికారికి చెప్పాను. వాన తగ్గనీ, రేపు మళ్ళీ కొలుద్దాం, అంతవరకు నోరు మెదపొద్దు, కిందటేడు తిన్న చీవాట్లు చాలు అన్నాడు. సరే సార్ అన్నాను.

తప్పంతా ఆయన మీదికి నెట్టేయాలని ఈ మూడు వారాలూ చూశాను. కుదరడం లేదు. ఆయన రేపు చూద్దామన్నది నిజంగా రేపు చూద్దామనే. నేను మాత్రం సరే అన్న నోటితోనే వరండాలోకి వచ్చి నీకు ఫోన్ చేశాను. అమ్మ స్నానాల గదిలో జారిపడింది, పిల్లని తీసుకుని ఉన్నపళంగా రా అన్నాను.

అమ్మ పడలేదు చెల్లాయీ. నీ ఇల్లు ఆ పూట నిలవదని నాకు అనిపించింది. నీ ఒక్కదాని ఇల్లే కాదు, వీధి మొత్తం. అయినా నిన్నూ పాపనీ పైకి లాగేసుకుని, మిగతావాళ్ళని రేపటి కొలతకి వదిలేశాను. నువ్వు వెంటవెంటనే ఫోన్ చేశావు. ఎత్తలేదు. ఎత్తితే గొంతు పట్టిచ్చేస్తుందని భయం.

మీరు బస్సు దిగి వచ్చేసరికి నేనూ ఇంటికి చేరాను. అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. చిన్న జారుడే, కంగారుపడి చెప్పాను అని నసిగాను. నువ్వు నా మొహంలోకి చూసి, పిల్ల తల తుడిచావు. మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది, నీ లాండ్రీ దగ్గర మొదలై వాచీల తాత ఇంటి దాకా వీధి నిలువునా చీలిందని.

ఆ సమయానికి వీధిలో దాదాపు ఎవరూ లేరట. ఎంత అదృష్టమో అని ఆఫీసులో అందరూ అనుకున్నారు. నేనూ అదృష్టమే అనుకున్నాను. ఎందుకు లేరని అడగలేదు, అడిగే మొహం లేదు. వాచీల తాత ఒక్కడే ఇంట్లో పడుకుని ఉన్నాడు. గోడ కాలి మీద కూలింది. మోకాలి కింద తీసేశారు. చిన్నప్పుడు మనిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని రోడ్డు దాటించి, బడి గేటు దగ్గర దించి, మళ్ళీ కొట్టుకి పరిగెత్తి వాచీల మీద వంగి కూర్చునే మనిషి. చూడాలని ఎన్నిసార్లు బయలుదేరానో. ఆస్పత్రి మెట్ల దాకా వెళ్ళడం, పక్కనున్న మందుల కొట్టులో ఏదో కొన్నట్టు నటించి వెనక్కి రావడం.

ఇక్కడ మాత్రం మన అమ్మ జారిపడడం మీకు మేలు చేసిందని ఇరుగూ పొరుగూ పరామర్శకి వస్తున్నారు. వచ్చినవాళ్ళకి నడుము పట్టుకుని చూపించాల్సి వస్తోంది, ఈ వయసులో నాకీ వేషం ఏమిటే అని అమ్మ చిరాకుపడింది. నవ్వొచ్చింది. ఆ నవ్వుకి నాకే అసహ్యం వేసింది.

సోమవారం షెడ్డు దగ్గర మీటింగ్ ఉంది. నాకు ముందే తెలుసని అందరి ముందూ చెప్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూసుకుందాం. నలుగురిలో వినేకంటే ముందు నా చేతిరాతలో నీకు తెలియాలని ఇది రాస్తున్నాను. నీ ప్రాణం దక్కించానని నువ్వు నా మొహం చూసి సంతోషించక్కర్లేదు. కోపం వస్తే వచ్చి తిట్టు. ఫోన్ మాత్రం ఒక్కసారి ఎత్తు.

పాపకి ముద్దులు. మరిది గారికి నా మాటగా ఏం చెప్పాలో నాకే తెలియదు, నీ ఇష్టం.

ఇట్లు,
నీ అక్క

తా.క.: సాయంత్రం అయింది. ఉత్తరం సంచిలో వేసుకుని, పోస్టు చేసే ముందు తాతని చూద్దామని ఆస్పత్రికి వెళ్ళాను. ఈసారి మెట్లెక్కాను. నేను నోరు తెరిచేలోపే ఆయన నీ సంగతి ఎత్తాడు. ఆ పొద్దున నువ్వు పిల్లని చంకనేసుకుని వానలో ఇంటింటి తలుపూ కొట్టావట. వీధిలో గ్యాస్ కారుతోంది, పొయ్యిలార్పి బడి దగ్గరికి పొండి అని అరుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగావట. వీధి ఖాళీ అయింది అదృష్టం వల్ల కాదు.

ఇంటికొచ్చి, ఆ పొద్దున చెల్లాయి నీకు ఫోన్ చేసిందా అని అమ్మని అడిగాను. అవును, ఆ పొద్దున చిన్నది ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అంది, బఠాణీలు ఒలుస్తున్నానన్నాను, ఆ సంగతి నువ్వెప్పుడైనా అడిగావా అంది అమ్మ. అంటే అమ్మ పడలేదనీ, నేల కదులుతోందనీ అప్పుడే నీకు అర్థమైపోయింది. నీ చేతిలో ఉన్నది నా అబద్ధం ఒక్కటే. దానిలోంచి నిజం ఏరుకుని వీధంతా పంచావు. పగుళ్ళ మాటెత్తితే నవ్వుతారని గ్యాస్ అన్నావు కాబోలు. ఈ మూడు వారాలు నువ్వు నాతో మాట్లాడనిది ఇల్లు పోయినందుకు కాదని ఇవాళ తెలిసింది.

ఆస్పత్రిలో ఉండగానే, మరి నువ్వెందుకు వెళ్ళలేదు తాతా అని ఆయన్ని అడిగాను. వీధిలోకి వచ్చి ముక్కు ఎగబీల్చి చూశాడట. గ్యాస్ వాసన రాలేదు. చిన్నదానికి కంగారెక్కువ అనుకుని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నేల చీలబోతోందని నువ్వొచ్చి చెప్పి ఉంటే లేచేవాణ్ణమ్మా, అందరూ నవ్వినా నీ కొలత మీద నాకు గురి అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆ పొద్దున నాకు తెలుసని. చలేస్తోంది, దుప్పటి కాలి మీదికి లాగు అన్నాడు. లాగాను.