తాలు కాయలూ, నీ భూతద్దమూ

సంతోషకుమారికి,

నీ పెనిమిటి సాల్మన్ ఎవరిచేతా రాయించకుండా తానే రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, గేదే, కల్లంలో మిరపకాయలూ ప్రభువు దయ వల్ల బాగున్నాం. అక్కడ నువ్వూ, పురుడు పోసుకున్న మన అమ్మాయి రెబెకా, నా మనవరాలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నీ మాట కంటే మార్టూరులో రాళ్ళు కోసే మిషన్ల మోతే ఎక్కువ వినబడుతోంది. అరిచి అరిచి నాకు గొంతు పోయింది, నీకు కోపం వచ్చింది. అందుకే నువ్వు రాసినట్టే నేనూ రాస్తున్నాను.

నువ్వు అడిగినవి చెబుతాను. గేదె పాలు తగ్గించలేదు. చర్చిలో నువ్వు కూర్చునే చోట ఎవరినీ కూర్చోనివ్వలేదు. అన్నం నేనే వండుకుని, మాడింది నేనే తింటున్నాను కాబట్టి వంక పెట్టేవాళ్ళు లేరు. బైబిలు చదువుకునే నీ భూతద్దం ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. కంటి ఆసుపత్రికి పోయావా లేదా అని ఒకే ఉత్తరంలో రెండు చోట్ల రాశావు. దాని సంగతి కింద రాస్తాను. ముందు కల్లం సంగతి విను.

నువ్వు బయలుదేరి పోయిన కొత్తలో నసీమున్నీసా వాళ్ళు కాయలు ఏరడానికి వచ్చారు. నేనూ ఒక గంప ముందేసుకుని మంచి ఎర్ర కాయ ఒకవైపు, రంగు పోయిన తాలు కాయ ఒకవైపు వేస్తూ కూర్చున్నాను. సాయంత్రం బస్తాలకు ఎత్తేటప్పుడు మంచి కాయల్లో తాలు తగులుతోందన్నారు. ఎవతే కలిపిందని కల్లం అదిరేలా అరిచాను. నసీమున్నీసా తట్ట దించి నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వే బాబాయ్. నీ గంపలో సగం తాలే."

"ఊహ తెలిసినప్పటి నుంచి ఏరుతున్నాను. నాకు చెప్పొచ్చావా?"

"చెప్పక? పోయినేడూ ఇంతే. నువ్వు టీకి లేచినప్పుడల్లా పిన్ని నీ గంప తిరగబోసి మళ్ళీ ఏరేది. నోరెత్తొద్దని మాకు సైగ చేసేది. పిన్ని ఊళ్ళో లేదు కాబట్టి ఈ ఏడు దొరికిపోయావు."

ఆడాళ్ళంతా నవ్వారు. నేను కండువా దులుపుకుని ఇంటికి వచ్చేశాను. ఆ పూట అన్నం వండలేదు.

మర్నాడు నీ భూతద్దం తీసుకుని కల్లానికి పోయాను. చీమ లాంటి అక్షరాన్ని చూపేది కాయ రంగు చూపదా అనుకున్నాను. దగ్గరగా పెడితే కాయ వంకాయంత అయింది గానీ రంగు అదే బురద రంగు. కుప్పంతా ఒక్కసారే చూద్దామని చెయ్యి చాచి పట్టాను. కుప్ప పైకి పోయింది, ఆకాశం కిందికి వచ్చింది, నసీమున్నీసా తలకిందులుగా నడిచి వస్తోంది. నాకు మతి పోయిందేమో అనుకుని, చెయ్యి దించి గాజు కుప్ప మీద పట్టుకుని అలాగే ఆలోచిస్తూ కూర్చున్నాను. నడినెత్తి ఎండంతా ఆ గాజులో దూరి ఒక కాయ మీద చుక్కలా పడింది. కాయ మాడి పొగ లేచింది. ఆ ఘాటుకు జనమంతా ఒకటే దగ్గు.

"ఏరడం చేతకాకపోతే తగలబెడతావా బాబాయ్?" అని నసీమున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిట్టింది.

అప్పుడు పోయాను ఆసుపత్రికి. నసీమున్నీసా మొగుడు బుడే తన బండి మీద తీసుకుపోయాడు. డాక్టరమ్మ పేరు రాగసుధ, మన రెబెకా ఈడుది. నా కంటి సంగతి తర్వాత, ముందు ఈ గాజు ఎందుకు తిరగబడిందో చెప్పమన్నాను. ఆమె విసుక్కోలేదు. తలుపు మూసి, కిటికీకి ఎదురుగా నీ భూతద్దం పట్టి, వెనక తెల్ల కాగితం పెట్టింది. కాగితం మీద కిటికీ, బయట ఆటో, చెట్టు, అన్నీ చిన్నవిగా తలకిందులుగా పడ్డాయి.

"ప్రతి వస్తువు మీది ప్రతి చుక్క నుంచీ వెలుగు చెదిరి వస్తుంది తాతగారూ. మధ్యలో లావుగా ఉండే ఈ గాజు దాన్ని వంచి మళ్ళీ ఒక చుక్కగా చేరుస్తుంది. పైనుంచి వచ్చింది కింద చేరుతుంది, కిందది పైన."

"మరి బైబిలు మీద పెడితే తిరగబడదేం?"

"మరీ దగ్గరైతే చేర్చడానికి గాజు బలం చాలదు. వెలుగు కొంచెం వంగి, విడిపోతూనే మీ కంట్లోకి వస్తుంది. అది అవతల ఉన్న పెద్ద అక్షరం నుంచి వచ్చిందని కన్ను అనుకుంటుంది. మీ కంట్లోనూ ఇలాంటి గాజే ఉంది. లోపల బొమ్మ తలకిందులుగానే పడుతుంది, మెదడు సరిచేసుకుంటుంది. మీకు ఆ గాజే మసకబారింది. దాని ముందు ఎన్ని భూతద్దాలు పెట్టినా మసకే పెద్దదవుతుంది."

ఇక అసలు సంగతి. కుడి కన్ను ఆపరేషన్ అయి నెల దాటింది. మసక గాజు తీసి కొత్తది పెట్టారు. చెబితే బాలింతను వదిలి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. అదొక్కటే కాదు. బల్ల మీద పడుకున్నప్పుడు నర్సమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అది నువ్వు చూడడం నాకిష్టం లేదు.

ఇంకొకటి. ఏడాదిగా నీ మొహం ఎక్కడుందో తెలిసేది గానీ, మొహం తెలిసేది కాదు. నీ అడుగుల చప్పుడు పట్టుకుని నీవైపు తిరిగేవాణ్ణి. నేను దాచాననుకున్నాను. నీకు ముందే తెలుసని నా గంప చెప్పింది.

ఆసుపత్రి వాళ్ళు నిన్ననే మళ్ళీ కల్లంలోకి పోనిచ్చారు. కాయ ఇంత ఎర్రగా ఉంటుందని మరిచిపోయాను. ఎవరో రంగు పోశారేమోనని ఒకటి తుంచి చూశాను. దగ్గరి చూపుకు కళ్ళజోడు వచ్చే వారం ఇస్తారట. అందాకా నీ భూతద్దం పెట్టుకునే రాస్తున్నాను. ఇప్పుడు అక్షరం పెద్దదిగానూ ఉంది, నల్లగానూ ఉంది.

రెబెకాకు ఒంట్లో కుదురుకున్నాకే రా, తొందరేమీ లేదు. ఒక గంప నేనొక్కణ్ణే ఏరి, ఎవరినీ ముట్టనివ్వకుండా పక్కన పెట్టాను. నువ్వొచ్చాక తిరగబోసి చూడు. తాలు తగిలితే ఎప్పట్లాగే ఏమీ అనకుండా తీసెయ్. ఈసారి టీకి లేవను. నువ్వు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తాను.

ఇట్లు,
నీ పెనిమిటి,
సాల్మన్