పాత దవాఖాన రాళ్లు

ఫిబ్రవరి 10, మంగళవారం

మళ్లీ ఎరుపే. పొద్దుటి నుంచి నాలుగోసారి. సిమెంటు రకం మార్చాను, బూడిద ఇటుక పెట్టాను, టైల్స్ దూరం నుంచి కాకుండా దగ్గర్లోవే చూపించాను. అయినా షీటు అడుగున మొత్తం గడి మాత్రం ఎర్రగా నన్నే చూస్తోంది.

కొత్త రూలు. ఇక మీదట సర్కారు బిల్డింగు ఏది కట్టినా ఎస్టిమేటుతో పాటు కార్బన్ షీటు జత చెయ్యాలి. ఏ సామాను తయారీకి ఎంత పొగ, ఎంత దూరం నుంచి లారీ... అన్నీ కలిపి హద్దు లోపల ఉంటే గడి పచ్చన. దాటితే ఎరుపు. ఎరుపున్న ఫైలు పైకి పోదు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం వచ్చు గానీ, వాటి పొగ లెక్కపెడతానని కలలో కూడా అనుకోలేదు.

నా వంతు మొదటి ఫైలు పుప్పాలగూడ దవాఖాన. పాతది కూల్చి అదే జాగాలో రెండంతస్తులు కట్టాలి. ఆ పాత దవాఖానలో మా అమ్మ ఇరవై రెండేళ్లు ఆయాగా చేసిందని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు కాదు. అడిగితే చెప్పేదాన్నే... ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

సైటుకి వెళ్లాను. దవాఖాన ఇప్పుడు వేరే వీధిలో కిరాయి ఇంట్లో నడుస్తోంది. పాతదానికి ఏడాదిగా తాళం. తాళం తీయడానికే పావుగంట.

ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే ఆ చల్లదనం. రెండడుగుల మందం రాతి గోడ, సున్నం. నాకు ఒక్కసారిగా తొమ్మిదేళ్లు. బడి విడవగానే ఇక్కడికే వచ్చేదాన్ని. అమ్మ ఫినాయిల్ నీళ్లతో తుడుస్తుంటే షాబాద్ బండలు నీలంగా మెరిసేవి. ఆరేదాకా కాలు పెట్టొద్దని అరిచేది. ఆరాక వాటి మీద బోర్లా పడుకుని, చెంప బండకి ఆనించి, సుద్దముక్కతో ఎక్కాలు రాసేదాన్ని. ఆ చల్లదనం ఈ చెంపకి ఇంకా గుర్తుంది. ఇప్పుడు నల్లగండ్ల ఫ్లాటులో మూడు ఏసీలున్నాయి. ఒక్కటీ నాకు ఏదీ గుర్తు చెయ్యదు.

వెనక వరండాలో నీళ్ల కుండ దగ్గర ఒక బండ. జనం నిలబడి నిలబడి గుంట పడింది. బండ అలాగే ఉంది, కుండ లేదు.

కిటికీలోంచి చూస్తే అద్దాల టవర్లు. అప్పుడక్కడ ఒక గుట్ట, దాని నిండా సీతాఫలం చెట్లు. ఆ గుట్ట రాయితోనే ఈ గోడలు కట్టారని అమ్మ చెప్పేది. గుట్ట పోయింది. మిగిలింది ఈ గోడల్లో ఉన్నంతే.

అప్పట్లో బుధవారం టీకాలు. ఊళ్లో పిల్లలందరి ఏడుపూ ఒకే గదిలో. ఆ ఏడుపు కూడా తలచుకుంటే ముద్దుగా ఉంది. వయసు మీద పడుతున్నట్టుంది నాకు.

ఫిబ్రవరి 13

పాలు పొంగిపోయాయి. ఆలోచనంతా ఆ రాళ్ల మీదే — కూల్చాక అవి ఎక్కడికి పోతాయి?

ఫిబ్రవరి 16, సోమవారం

పచ్చ!

ఇంత చిన్న సంగతి వారం రోజులు తట్టలేదు. పాత రాయికి పొగ లెక్క లేనట్టే. ఎప్పుడో కొట్టారు, ఎప్పుడో మోసుకొచ్చారు. ఇప్పుడు దాన్ని మెల్లగా విప్పి, అక్కడే మళ్లీ పేర్చడమే పని. కింది అంతస్తు గోడలకి పాత రాళ్లు, నేలకి పాత షాబాద్ బండలు అని షీటులో వేశాను. గడి పచ్చబడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏమైంది మేడం?" అని పక్క సీటు. నడుం పట్టేసిందన్నాను.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారికి చూపించాను. భీమవరం వైపు మనిషి. ఆయనకి కోపం రాదు, ఆయన దగ్గర పని తెమలదు. "ఐడియా బాగుందమ్మా. కానీ రాయి కట్టే మేస్త్రీలు ఎక్కడున్నారండీ ఇప్పుడు? ఒక్కడిని చూపించండి, సంతకం పెట్టేస్తాను."

పెట్టించి తీరతాను.

ఫిబ్రవరి 17

అమ్మనడిగాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "మల్లేశం అన్న లేడా? గా పెద్ద గేటు అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ చేస్తుండు. జర గట్టిగ మాట్లాడు, చెవుడొచ్చింది."

మల్లేశం మామ! దవాఖాన గోడకి ఎప్పుడు బాగు చెయ్యాల్సి వచ్చినా ఆయనే వచ్చేవాడు. ఆయన తాపీతో నేను మట్టి ఇడ్లీలు చేసేదాన్ని.

ఫిబ్రవరి 20, శుక్రవారం

వాచ్‌మెన్ చొక్కాతోనే వచ్చాడు మామ. సంచిలో చిన్న సుత్తి — దాన్ని ఇన్నేళ్లు ఎక్కడ దాచాడో. ఒక్కో రాయిని కొట్టి చెవి గోడకి ఆనిస్తాడు. ఠంగుమంటే మంచిది, డబ్బుమంటే పగులు. మనిషి మాట వినపడదు గానీ రాయి మాట వినపడుతుంది మామకి.

"సున్నం గదా బిడ్డా, ఇడిసిపెడ్తది. గడ్డపారతోని మెల్లగ లేపితె రాయికి రాయి లేస్తది. సిమెంటైతె ఇడువది, రాయినే పలగ్గొట్టాలె."

వెనక మూల దగ్గర ఆగిపోయాడు. అక్కడ గోడ నున్నగా, బూడిద రంగులో ఉంది.

"గిది నేను కట్టిన. వానలకు ఒరిగితె. అప్పుడు సిమెంటంటె పెద్ద షాన్. సున్నం వద్దు, సిమెంటే పెడ్త అని కొట్లాడింది నేనే." ఆ మూల మీద సుత్తి వెయ్యలేదు.

జేసీబీ మాత్రం తేవొద్దని వెళ్లేటప్పుడు రెండుసార్లు చెప్పాడు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈఈ గారు సంతకం పెట్టారు. మామని చూసి కుర్చీ కూడా వేయించారు. ఫైలు పైకి పోయింది.

స్వీటు పట్టుకుని ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను — నీ దవాఖాన బండలే కొత్తదాంట్లోనూ వేస్తున్నామని. ఎంత మురిసిపోతుందో అనుకున్నాను.

"గా బండలా? నా మోకాళ్లు అరిగింది వాటి మీదనే. యాడన్న పారెయ్యక మల్ల ఏస్తరా? ఇంకో ఆయమ్మ నడుం పోవాల్నా?"

నేను చల్లగా పడుకున్న నేల మీద ఆమె వంగి పాకింది. ఈ ఇరవై రెండేళ్ల సంగతి నేనెప్పుడూ ఆ వైపు నుంచి చూడలేదు. స్వీటు మాత్రం తిన్నది, రెండు.

కాసేపటికి తనే అడిగింది. "నీళ్ల కుండ కాడ బండ ఉన్నదా?"

ఉందన్నాను.

"ఊఁ" అంది. పొద్దంతా నిలబడ్డ కాళ్లకి కాసేపు కూర్చునే చోటు అదొక్కటే ఉండేదట. ఆ బండ మీది గుంట, నీళ్ల కోసం వచ్చినవాళ్ల పాదాలదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మార్చి 4, బుధవారం

పైన ఫైలు ఓకే అయింది. మొదటి ఫైలు కదా, పైవాళ్లకీ తొందరే. నా పచ్చ గడి షీటు ఫొటో తీసి అన్ని ఆఫీసులకీ మాదిరిగా పంపారట. ఈఈ గారు నవ్వుతూ, "పద్మ గారూ, ఈసారి ప్రమోషన్ ప్యానెల్లో మీ పేరు గట్టిగా వినిపిస్తుందండీ."

సంతోషం. పొద్దుటి నుంచి పాత దవాఖాన జ్ఞాపకాలన్నీ తీసి తీసి చూసుకుంటున్నాను.

మార్చి 6, శుక్రవారం

లంచ్ టైములో మామ ఫోను. చెవుడు కదా, అరుస్తున్నాడు. "బిడ్డా, జేసీబీ వచ్చింది! వెనక వరండ పాయె!"

కూల్చే కాంట్రాక్టు వెంకట్‌ది. వెంటనే ఫోను చేశాను. ఏమాత్రం తడబడలేదు. "మాల్ నాదే గద మేడం. క్రషర్‌కు కొడుతున్న. అగ్రిమెంట్ల మీరే రాసిన్రు."

నేనా?

ఫైలు తీశాను. కూల్చివేతకి వేరే ఎస్టిమేటు, డిసెంబరులోనే వేసింది, కొత్త రూలు రాకముందు. "కూల్చగా వచ్చిన పాత సామాను యావత్తూ కాంట్రాక్టరే తీసుకొనిపోవలెను." కింద నా సంతకం. మేమందరం చేసే పనే — కొత్త ఎస్టిమేటంటే పాతది తెరిచి, పేరు మార్చి, సేవ్ చెయ్యడం. ఇది బాచుపల్లి హాస్టల్ కూల్చినప్పటిది. మూడో పేజీలో ఒకచోట పేరు కూడా మార్చలేదు, ఇంకా బాచుపల్లి అనే ఉంది. అంత శ్రద్ధగా చదివాను అన్నమాట.

రెండు కాగితాలూ నావే. ఒకదాంట్లో రాళ్లు కాపాడాను, ఒకదాంట్లో అమ్మేశాను. ఒక్కసారి కూడా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడలేదు.

మార్చి 7, శనివారం

సైటు. వెనక సగం లేదు. లారీలు రెండు ట్రిప్పులు వెళ్లిపోయాయట. మామ కూల్చిన మలబా కుప్ప మీద కూర్చుని సుత్తితో ఒక్కో రాయినీ తట్టి చూస్తున్నాడు. జేసీబీ పళ్లు తగిలిన ప్రతిదీ డబ్బుమంటోంది. ఆయన సిమెంటుతో కట్టిన మూల ఒక్కటే ముద్దగా, విడిపోకుండా పడి ఉంది.

"కుండ కాడి బండ?" అన్నాను.

చెయ్యి రోడ్డు వైపు చూపించాడు.

ఏడ్చాను. కూలీల ముందే. అక్కడే నిలబడి.

ముందు గదులు ఇంకా నిలబడే ఉన్నాయి. టీకాల గది, మందుల గది. వెంకట్ చెడ్డవాడేం కాదు, నీళ్ల బాటిల్ తెచ్చిచ్చాడు. "మీరు రాసిందాని మీదనే గద మేడం నేను నడిచేది. బుధవారం దాకా ఆగుత. ఆపాలంటే ఆర్డర్ బుక్కుల రాసియ్యిన్రి. నోటి మాట మీద నేను ఆపలేను."

సైటు ఆర్డర్ బుక్కులో రాస్తే మూడు కాపీలు. కారణం రాయాలి. కారణం నేనే.

మార్చి 9, సోమవారం

ఈఈ గారికి చెప్పేశాను, అంతా. తలుపు వేయించి మరీ విన్నారు.

"కాగితం మీద పచ్చగానే ఉంది కదమ్మా. అలా ఉండనివ్వండి. మామూలుగా సిమెంటుతో కట్టేద్దాం. రేపెవరొచ్చి గోడలో రాళ్లు లెక్కపెడతారండీ? ప్యానెల్ ముందు మీ చేత్తో మీరే ఎందుకు రాసిస్తారు?"

నా మంచికే చెబుతున్నారు. అదే బాధ.

ముందు గదుల రాళ్లు మాత్రమే పెట్టి మళ్లీ లెక్క వేశాను. ఎరుపు. పచ్చ కాస్తలో తప్పింది, కానీ ఆ షీటులో లేత ఎరుపు అంటూ ఉండదు. అంటే రాసిచ్చినా గెలిచేదేం లేదు. మాదిరి అని అందరికీ పంపిన షీటు అబద్ధమని తేలుతుంది. ఎక్కడ తగ్గించాలో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి, మెమో చేతిలో పట్టుకుని.

రాయకపోతే? పోయిన రాళ్లు కంకరై, సిమెంటులో కలిసి, ఆ జాగాకే తిరిగొస్తాయి. షీటు పచ్చగా ఫైలులో ఉంటుంది. నేను ప్రమోషన్ తీసుకుంటాను...

మార్చి 10, మంగళవారం

సాయంత్రం అమ్మకి కొంత చెప్పాను. తప్పు రాశానని, రాళ్లు కొన్ని పోయాయని. కుండ దగ్గరి బండ సంగతి మాత్రం చెప్పలేదు.

అమ్మ గాజు సిరంజిల కథ చెప్పింది. నేనెన్నడూ వినలేదు. అప్పట్లో సిరంజిలు ఉడకబెట్టి వాడేవాళ్లు. ఒక బుధవారం పొద్దున ట్రే మొత్తం జార్చేసిందట. బయట తల్లులు పిల్లల్నెత్తుకుని లైనులో ఉన్నారు.

"పిల్లి మీద చెప్పొచ్చు. ఆడ పిల్లి గూడ ఉండె. నేనే పోయి చెప్పిన — నా చేతులకెల్లి పడ్డయమ్మా అని."

డాక్టరమ్మ ఏమన్నారని అడిగాను.

"వారం దినాలు నాతోని మాట్లాడలే. గంతే. మల్ల మాట్లాడింది."

నువ్వూ చెప్పు అనలేదు. టీవీ పెట్టుకుంది.

మార్చి 11, బుధవారం

ఏడున్నర. ఎనిమిదిన్నరకి జేసీబీ స్టార్ట్ చేస్తానన్నాడు వెంకట్. రాయబోయేది ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటున్నాను, చేతికి అలవాటవుతుందని —

పాత ఎస్టిమేటు నుంచి ఆ వాక్యాన్ని చదవకుండా దింపినది నేనే. మిగిలిన రాళ్లు, బండలు సైటు దాటరాదు. ఆమోదం పొందిన షీటు ఇప్పుడు నిజం కాదు.

మూడు వాక్యాలు. మూడోది రాసేసరికి అక్షరాలు వంకర పోయాయి. అక్కడ సరిగ్గా రాయాలి.

అమ్మ చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. చేతిలో టిఫిన్ డబ్బా, మల్లేశం అన్నకట. తనూ వస్తుందట. రిటైరయ్యాక ఒక్కసారి కూడా ఆ వైపు రాని మనిషి.

మోకాళ్లు నొస్తాయమ్మా, ఆగు, కారులో ప్లాస్టిక్ కుర్చీ పెడతానన్నాను.

"కుర్చీ ఎందుకే? కుండ కాడ నా బండ ఉన్నది గద."

ఆర్డర్ బుక్కు కన్నా ముందు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. అమ్మ లిఫ్టు బటన్ నొక్కి నా కోసం చూస్తోంది.