నరేశ్ నోరు విప్పిన రోజు

యూసుఫ్‌గూడ, హైదరాబాద్,
14 సెప్టెంబర్ 2025.

నరేశ్ నాన్న రాఘవేందర్ గారికి,

వనిత నమస్కారాలు. మస్కట్‌లో ఎండలు కొంచెం తగ్గాయని, మీ నడుము నొప్పి కూడా తగ్గిందని అనుకుంటున్నాను. మన చిన్నది పింకీ జ్వరం తగ్గి మళ్లీ బడికి పోతోంది. బతుకమ్మ దగ్గర పడింది కదా, నా మిషన్‌కు బ్లౌజుల పని మస్తుగా ఉంది.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతారేమో. ఫోన్‌లో అయితే మీరు సగం విని కేకలేస్తారు, నేను ఏడుస్తాను, అసలు సంగతి చెప్పకుండానే పెట్టేస్తాం. హనుమాండ్లు అన్న సెలవు ముగించుకొని మీ క్యాంపుకే వస్తున్నాడు గనుక ఆయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదివాకే నాకు ఫోన్ చేయండి.

జులైలో నరేశ్ మాట తగ్గించాడు. టిఫిన్ డబ్బా ఎట్లా పంపితే అట్లాగే తిరిగొచ్చేది. కొత్తగా ఇంటర్‌లో చేరాడు, చదువు అలసట అనుకున్నాను. ఒకరోజు వాళ్ల ఇంగ్లీషు మేడమ్ సుకన్య గారు ఫోన్ చేసి కాలేజీకి రమ్మన్నారు. భీమవరం నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడిన మనిషి ఆమె. మార్కుల గొడవేమోనని భయపడుతూ మైత్రీవనం వెనక సందులో ఆ కాలేజీ మెట్లన్నీ ఎక్కాను.

మేడమ్ మార్కుల మాటే ఎత్తలేదు. “వనిత గారూ, మీవాడు ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే నిలబడుతున్నాడండి. అందరితో కిందికి వెళ్లడు. దేనికో భయపడుతున్నాడు. ఏంటని నేనడిగితే నవ్వేసి ఊరుకున్నాడు,” అన్నారు.

ఇప్పుడే పిలిచి నిలదీస్తానని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టారు. “నిలదీస్తే అబద్ధం చెబుతాడండి. ఇంట్లో వాడి పక్కన కూర్చోండి. వాడే చెప్పేదాకా ఆగండి. చెప్పాక మాత్రం తిట్టకండి. నిజం చెప్పి దెబ్బలు తిన్న పిల్లాడు మళ్లీ ఏదీ చెప్పడు.”

ఆగడం ఎంత కష్టమో మీకు ఎట్లా చెప్పను? రోజూ సాయంత్రం మిషన్ ఆపి వాడి పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం కూరగాయలు బాగుచేసేవాళ్లం. నాకు అర్థం కాని క్రికెట్ గురించి చెబితే అదీ విన్నాను. ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: “అమ్మా, నాకు గంజాయి చాక్లెట్ తినిపించిన్రు.”

సెకండియర్ పిల్లలు ముగ్గురు వాణ్ని మెట్ల కింద పట్టుకొని బలవంతంగా తినిపించారట. తల తిరిగి, వాంతి చేసుకొని పడిపోతుంటే వీడియో తీశారట. మెట్రో స్టేషన్ దగ్గర ఒకడి నుంచి పొట్లాలు తెచ్చివ్వకపోతే ఆ వీడియో అందరికీ పంపుతామన్నారట. మనవాడు తేనన్నాడు. అప్పటినుంచి కొట్టడమే. చొక్కా విప్పి చూపించాడు. వీపంతా కమిలిపోయి ఉంది.

నోటిదాకా వచ్చినవన్నీ మింగాను. “చెప్పినవ్ కదా బిడ్డా, గంతే చాలు. ఇంక నీకు ఫికర్ లేదు,” అన్నాను. నా భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు కాలేజీ పేరు పోతుందని, ఆ పిల్లలకు టీసీలిచ్చి పంపేద్దామని అన్నారు. అంత మెత్తగా మాట్లాడే సుకన్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “ఇంకో కాలేజీలో చేరతారు సార్. అలవాటూ వాళ్లతోనే వెళ్తుంది. అక్కడ ఇంకో పిల్లాడు దెబ్బలు తింటాడు. అమ్మేవాడి సంగతి పోలీసులకు చెబుదాం. వీళ్ల అమ్మానాన్నల్ని పిలుద్దాం.” చివరికి ఆయన ఒప్పుకున్నారు. పొట్లాలు అమ్మేవాణ్ని పోలీసులు పట్టుకున్నారు కూడా.

శనివారం తల్లిదండ్రులు వచ్చారు. ముగ్గురిలో ముందుండి కొట్టించిన పిల్లవాడి తల్లి నా మీదికి వచ్చింది. “నా కొడుకు గసొంటోడు కాదు! నీ పోరడే అబద్ధాలు చెప్తుండు!” అంది.

నేను నోరు తెరిచేలోపే మనవాడు లేచాడు. “గాయనకు సుత ఎవరో గట్లనే అలవాటు చేసిన్రు. ఇప్పుడు అది లేకుంటే ఉండలేకపోతుండు. నాకు సారీ అక్కర్లేదు. జర గాయనను డాక్టర్ దగ్గరికి తీస్కపోండ్రి,” అన్నాడు.

అప్పటిదాకా గోడవైపు చూస్తున్న ఆ పిల్లవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి బెంచీ మీద కూలబడిపోయింది. ఫోన్లలోంచి ఆ వీడియోలన్నీ అక్కడే అందరి ముందూ తీసేయించారు. మీ కొడుకును చూసి ఆ రోజు నాకు ఎంత గొప్పగా అనిపించిందో! మీరు పక్కన ఉంటే బాగుండేదనిపించింది.

ఆ పిల్లవాడిని పంజాగుట్టలో మత్తు మాన్పించే డాక్టర్‌కు చూపిస్తున్నారు. మధ్యలో ఒకసారి పారిపోయి బోరబండలో ఎవరి గదిలోనో దాక్కున్నాడు. వాళ్లమ్మతో పాటు సుకన్య గారే వెళ్లి తీసుకొచ్చారు. ఒక్క మాట కూడా అనలేదట. ఇప్పుడు ఆమె తల్లిదండ్రులందర్నీ నెలకోసారి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. నేనూ వెళ్తున్నాను. నరేశ్ కడుపు నిండా తింటున్నాడు. ఆ మెట్ల కిందికి మాత్రం ఇంకా ఒంటరిగా వెళ్లడు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ
వనిత

తా.క.: మరిచిపోయి కాదు, కావాలనే ఇది చివరికి ఉంచాను. ఆ పిల్లవాడు మీ అక్క కొడుకు విక్రమ్. నా మీదికి వచ్చింది చంద్రమ్మ వదిన. విక్రమ్ తోడుంటాడనే ధైర్యంతోనే కదా మనం నరేశ్‌ను ఆ కాలేజీలో చేర్చాం. ముందే రాస్తే మీరు మిగతాది చదవకుండా అక్కతో తెగదెంపులు చేసుకునేవారు. మనవాడు ఇన్నాళ్లు నోరు విప్పనిది దెబ్బలకు భయపడి కాదు. “డాడీకి అత్తమ్మ అంటే పానం. నా వల్ల ఇద్దరు దూరమైతరని చెప్పలే,” అన్నాడు. మీటింగ్‌లో వాడు ‘గాయన’ అనలేదు, ‘బావ’ అన్నాడు. ఇక్కడ నేనే మార్చి రాశాను. నిన్న వదిన మనింటికి వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. విక్రమ్ మాత్రం మామ గొంతు వినడానికే భయపడుతున్నాడు. నాకు తర్వాత చేద్దురు గానీ, ముందు వాడికి ఫోన్ చేయండి. తిన్నవా బిడ్డా అని అడగండి. మిగతాది వాడే చెబుతాడు.